దసరా ప్రకటనలో లక్షలు, దీపావళి పే స్లిప్‌లో కోతలు

ఏటా దసరాకు ముందు సింగరేణి బొగ్గు గనుల లాభాల వాటా ప్రకటన వస్తుంది. ఆ రాత్రే గోదావరిఖని, మందమర్రి, శ్రీరాంపూర్, కొత్తగూడెం కాలనీల్లో లెక్కలు మొదలవుతాయి. 2025లో సెప్టెంబరు 22న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి, ఉప ముఖ్యమంత్రి భట్టి విక్రమార్క ఆ ప్రకటన చేశారు. 2024-25లో పెట్టుబడులకు పక్కన పెట్టింది పోగా మిగిలిన నికర లాభం 2,360 కోట్ల రూపాయలు. అందులో 34 శాతం, అంటే 802 కోట్లకు పైగా కార్మికులకు. సగటున ఒక్కొక్కరికి 1,95,610 రూపాయలు. దాని వెనకే దీపావళికి పీఎల్‌ఆర్ (పనితీరు ఆధారంగా ఇచ్చే ప్రోత్సాహకం) బోనస్ వచ్చింది. మస్టర్లు (హాజరు) పూర్తిగా ఉన్నవారికి అది 1,03,000. రెండూ కలిపితే సగటు కార్మికుడికి నెలన్నర తిరగకుండా మూడు లక్షల దాకా వచ్చినట్టు.

డబ్బు బ్యాంకులో పడ్డాక మాత్రం మాట మారుతుంది. టీవీలో చెప్పిన అంకె వేరు, ఖాతాలో పడ్డ అంకె వేరు. పే స్లిప్‌లో ఇన్‌కం ట్యాక్స్ అన్న గడిలో మామూలు నెలల్లో సున్నా ఉన్నచోట ఒక్కసారిగా వేలల్లో, కొందరికి అర లక్ష దాటి కోత కనిపిస్తుంది. బోనస్ వస్తుందన్న ధీమాతో చిట్టీ పాట పాడినవారు, ఇంటి పని మొదలుపెట్టినవారు, పిల్లల కాలేజీ ఫీజుకు గడువు అడిగినవారు అక్కడే ఆగిపోతారు. భూమి లోపల ప్రాణాలకు తెగించి తవ్విన బొగ్గు మీద వచ్చిన వాటాను పన్ను కింద పట్టుకుపోతే ఒళ్లు మండకుండా ఎలా ఉంటుంది? ఆ మంట న్యాయమైనదే. కానీ అది తగలాల్సిన చోట తగలడం లేదు. దశాబ్దాలుగా పన్ను పూర్తి రద్దు అన్న ఒకే నినాదం చుట్టూ తిరుగుతూ అసలు దెబ్బ ఎక్కడ తగులుతోందో చూడనివ్వడం లేదు.

ముందుగా ఒక అపోహ తొలగాలి. మన దేశంలో బోనస్‌కంటూ ప్రత్యేకమైన పన్ను రేటు లేదు. చట్టం దృష్టిలో లాభాల వాటా, పీఎల్‌ఆర్, ఐటీ కంపెనీలు పనితీరును బట్టి ఇచ్చే వేరియబుల్ పే అన్నీ జీతమే. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం ఉద్యోగికి ఆ ఏడాది మొత్తం మీద ఎంత ఆదాయం వస్తుందో యాజమాన్యం అంచనా వేసి, దాని మీద పడే పన్నును నెలనెలా కోయాలి. ఏప్రిల్‌లో వేసిన అంచనాలో బోనస్ లేకపోతే, అది వచ్చిన నెలలో లెక్క మొత్తం తిరగరాస్తారు. అంతవరకూ కోయని పన్నంతా మిగిలిన నెలల మీద పడుతుంది. చాలాచోట్ల చేతిలో ఆ పెద్ద మొత్తం ఉన్నప్పుడే పట్టేసుకుంటారు. తక్కువ కోస్తే యాజమాన్యం నెలకు ఒకటి నుంచి ఒకటిన్నర శాతం వడ్డీ కట్టాలి. ఎక్కువ కోస్తే యాజమాన్యానికి పోయేదేమీ లేదు. కాబట్టి అకౌంట్స్ విభాగం ఎప్పుడూ ఎక్కువ వైపే మొగ్గుతుంది.

ఇంతవరకూ ఇది లెక్కల పద్ధతి. ఏడాది చివరికి ఎంత కట్టాలో అంతే కడతాం, ఎక్కువ పోతే రిటర్ను వేసి రిఫండ్ తెచ్చుకుంటాం అని సర్దిచెప్పుకోవచ్చు. కానీ 2025-26 ఆర్థిక సంవత్సరం నుంచి ఒక కొత్త చిక్కు వచ్చింది. దాని గురించి కార్మిక వాడల్లో జరగాల్సినంత చర్చ జరగడం లేదు.

2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో, కొత్త పన్ను విధానం కింద 12 లక్షల వరకు పన్ను లేదన్నారు. జీతగాళ్లకు ఆదాయంలోంచి నేరుగా తీసేసే 75,000 స్టాండర్డ్ డిడక్షన్ కలిపితే 12.75 లక్షల వరకు సున్నా. మంచిదే, లక్షల మందికి ఊరట కలిగింది. కానీ ఈ సున్నా శ్లాబులోంచి వచ్చింది కాదు, రిబేటులోంచి వచ్చింది. నాలుగు లక్షలు దాటితే 5 శాతం, ఎనిమిది దాటితే 10 శాతం చొప్పున 12 లక్షల మీద 60,000 పన్ను పడుతుంది. ఆ అరవై వేలనూ రిబేటు రూపంలో మాఫీ చేస్తారు. పన్ను పడే ఆదాయం 12 లక్షలు దాటిన మరుక్షణం ఆ రిబేటు పోతుంది. ఒక్కసారిగా మీద పడకుండా మార్జినల్ రిలీఫ్ ఇచ్చారు. అంటే 12 లక్షల మీద ఎంత ఎక్కువ వచ్చిందో అంతకు మించి పన్ను ఉండకూడదు. వినడానికి దయగా ఉంటుంది. జాగ్రత్తగా చూస్తే, 12 లక్షల నుంచి దాదాపు 12 లక్షల 70 వేల వరకు సంపాదించిన ప్రతి రూపాయీ పూర్తిగా పన్నుకే పోతుందని దాని అర్థం. పైన నాలుగు శాతం సెస్సు అదనం. రూపాయి సంపాదిస్తే రూపాయి నాలుగు పైసలు కట్టాలి.

ఇది బోనస్ దగ్గరే ఎందుకు కొడుతుందో ఒక లెక్కలో చూద్దాం. జీతం, అలవెన్సులు, ప్లే డేలు (సెలవు రోజు డ్యూటీలు), ఓటీ అన్నీ కలిపి ఏడాదికి 10.5 లక్షలు వచ్చే సీనియర్ కార్మికుణ్ని తీసుకోండి. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా ఆయనకు పైసా పన్ను పడదు. సెప్టెంబరులో లాభాల వాటా 1.95 లక్షలు వచ్చింది, మొత్తం 12.45 లక్షలు. ఇంకా హద్దు లోపలే ఉన్నాడు, పన్ను లేదు. అక్టోబరులో పీఎల్‌ఆర్ 1.03 లక్షలు వచ్చింది. మొత్తం 13.48 లక్షలు. స్టాండర్డ్ డిడక్షన్ తీసేస్తే 12.73 లక్షలు. మార్జినల్ రిలీఫ్ హద్దు కొద్దిలో దాటిపోయింది. పన్ను 70,950, సెస్సుతో కలిపి 73,788 రూపాయలు.

అంటే లక్షా మూడు వేల దీపావళి బోనస్‌లో 73,788 పన్నుకు పోయింది. ఇంటికి చేరింది 29,212.

ఇప్పుడు ఆయన పక్కింటి కార్మికుడికి ఏడాది మొత్తం మీద, బోనస్‌లన్నీ కలిపి, సరిగ్గా 12.75 లక్షలు వచ్చాయనుకుందాం. ఆయన ఆదివారం డ్యూటీలకు వెళ్లలేదు, ఓటీ తక్కువ చేశాడు. పన్ను సున్నా. 12.75 లక్షలూ ఇంటికి తీసుకెళ్లాడు. మనవాడు 13.48 లక్షలు సంపాదించి, పన్ను పోగా 12,74,212 తీసుకెళ్లాడు. డెబ్బై మూడు వేల విలువైన కష్టం ఎక్కువ చేసి, పక్కింటాయన కంటే 788 రూపాయలు తక్కువ మిగుల్చుకున్నాడు. సెలవు రోజున దిగిన ఆ షిఫ్టులకు, రాత్రి చేసిన ఆ ఓటీలకు ప్రతిఫలం సున్నా కూడా కాదు, నష్టం. ఎన్ని లక్షల కోట్ల బడ్జెట్ అయినా కష్టపడ్డవాడికి ఈ లెక్క చూపించి సమాధానం చెప్పగలగాలి. చెప్పలేకపోతే తప్పు చట్టం రాసిన తీరులో ఉంది.

సింగరేణితో ఇది ఆగదు. మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో నాలుగైదేళ్ల అనుభవంతో 12, 13 లక్షల ప్యాకేజీకి పనిచేసే పిల్లలదీ ఇదే పరిస్థితి. ప్యాకేజీలో కొంత భాగం వేరియబుల్ పే. ఏడాదంతా పన్ను లేకుండా సాగి, అప్రైజల్ బాగుందని వేరియబుల్ పూర్తిగా ఇచ్చిన నెలలో దానిలో అధిక భాగం పన్నుకే పోతుంది. రేటింగ్ తగ్గినవాడికీ బాగా వచ్చినవాడికీ చేతికి దాదాపు ఒకటే మిగులుతుంది. జాయినింగ్ బోనస్‌ది ఇంకో బాధ. ఇచ్చేటప్పుడు పన్ను కోసి ఇస్తారు. ఏడాది నిండకుండా ఉద్యోగం మానేస్తే చాలా కంపెనీలు కోతకు ముందున్న పూర్తి మొత్తం కట్టమంటాయి. ఈ లోగా మార్చి 31 దాటిపోతే, తన చేతికి రాని డబ్బును జేబులోంచి తీసి కట్టి, పోయిన పన్ను కోసం దారులు వెతుక్కోవాలి.

రిఫండ్ వస్తుంది కదా అనేవారు ఒక సంగతి గమనించాలి. సకాలంలో రిటర్ను వేస్తే ఎక్కువగా కోసిన పన్ను మీద ప్రభుత్వం నెలకు అర శాతం వడ్డీ ఇస్తుంది. ఆ వడ్డీ లెక్క మొదలయ్యేది ఆర్థిక సంవత్సరం ముగిశాక ఏప్రిల్ 1 నుంచి. అక్టోబరులో కోసిన డబ్బు మార్చి దాకా ఊరికే ఉన్నట్టే. రావాల్సిన రిఫండ్ కట్టాల్సిన పన్నులో పది శాతం కంటే తక్కువైతే ఆ వడ్డీ కూడా లేదు. చిట్టీ పాడినవాడికీ చేబదులు తెచ్చుకున్నవాడికీ ఆ నెలలు ఎంత బరువో చెప్పనక్కర్లేదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకూ బోనస్ నెలలో ఇదే నిట్టూర్పు. అక్కడ బోనస్‌ను విడిగా ఇస్తే సాధారణంగా ఫెడరల్ పన్ను కింద 22 శాతం పట్టుకుంటారు. కాలిఫోర్నియాలో రాష్ట్రం ఇంకో 10.23 శాతం పట్టుకుంటుంది. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కలిపితే కోత దాదాపు 40 శాతానికి చేరుతుంది. అదీ పెద్ద కోతే. కానీ ఎంత పోతుందో ముందే తెలుసు. బోనస్ లెటర్ చేతికి వచ్చిన రోజే ఇంట్లో కూర్చుని నికర మొత్తం అంచనా వేసుకోవచ్చు. అసలు పన్ను తక్కువైతే రిటర్నులో తిరిగి వస్తుంది. మన దగ్గర ఆ ముందస్తు సమాచారమే లేదు. ఎంత కోస్తారో పే స్లిప్ వచ్చేదాకా తెలియదు, ఎందుకు కోశారో వచ్చాక కూడా తెలియదు.

ఇక కార్మిక వాడల్లో ఏళ్లుగా వినిపిస్తున్న నినాదం: సరిహద్దులో సైనికుల్లాంటివాళ్లం, మాకు ఆదాయపు పన్ను పూర్తిగా రద్దు చేయాలి. ఈ హామీని పార్టీలన్నీ వాడుకున్నాయి. గుర్తింపు సంఘం ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ కరపత్రాల్లో మళ్లీ కనిపిస్తుంది. ఆదాయపు పన్ను కేంద్రం చేతిలోని విషయం. రాష్ట్రం అడగగలదు, ఇవ్వలేదు. పైగా సైనికుల జీతం మీద కూడా పన్ను ఉంది. వాళ్లకు మినహాయింపు దొరికేది ఎత్తైన ప్రాంతాల్లో, ప్రమాదకర ప్రాంతాల్లో పనిచేసినందుకు ఇచ్చే కొన్ని అలవెన్సుల మీద. సైనికులతో సమానత్వం కావాలంటే అడగాల్సిన చోటు అదే.

అక్కడ వెతికితే బొగ్గు కార్మికుడి పేరు కనిపిస్తుంది. 2026 మార్చి దాకా ఉన్న ఆదాయపు పన్ను నిబంధనల్లో 2బీబీ అనే నిబంధన కింద, భూగర్భ బొగ్గు గనుల్లో ప్రతికూల వాతావరణంలో పనిచేసేవారి అండర్‌గ్రౌండ్ అలవెన్సుకు మినహాయింపు రాసి ఉండేది. ఎంతంటే నెలకు 800 రూపాయలు. ఏడాదికి 9,600. అదీ పాత పన్ను విధానం ఎంచుకుంటేనే. కొత్త విధానంలోకి వెళ్తే ఆ 800 కూడా ఉండేది కాదు. ఉద్యోగి ఏదీ చెప్పకపోతే వర్తించేది కొత్త విధానమే. భూమి లోపల ఉక్కపోతలో, దుమ్ములో, పైకప్పు ఎప్పుడు కూలుతుందో తెలియని చోట పనిచేయడం కష్టమని చట్టమే ఒప్పుకుని, దానికి నెలకు ఎనిమిది వందల విలువ కట్టి, ఆ తర్వాత దాన్నీ పక్కన పెట్టేసింది. పూర్తి రద్దు అన్న పెద్ద మాట వెనక ఈ చిన్న గీత ఎవరికీ కనిపించకుండా పోయింది. దీన్ని ఈనాటి వేతనాలకు తగ్గట్టు పెంచి, కొత్త విధానంలోనూ వర్తింపజేయమని అడగడానికి పార్లమెంటులో పెద్ద యుద్ధం అక్కర్లేదు. నిబంధన మార్చాలి, నోటిఫికేషన్ ఇవ్వాలి. కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది.

ఇక్కడ కాంట్రాక్టు కార్మికుల సంగతి చెప్పకుండా ముందుకు వెళ్లడం సరికాదు. అదే గనిలో, అదే దుమ్ములో పనిచేసే వారికి 2025లో లాభాల్లో వచ్చింది 5,500 రూపాయలు. వారికి పన్ను బాధ లేదు, ఎందుకంటే పన్ను పడేంత ఆదాయం లేదు. పర్మినెంట్ ఉద్యోగుల పన్ను గురించి గట్టిగా మాట్లాడే సంఘాలు వీరి వాటా గురించీ అంతే గట్టిగా మాట్లాడాలి.

యాజమాన్యాలు ఎవరి అనుమతీ లేకుండా రేపే చేయగలిగింది ఒకటుంది. పీఎల్‌ఆర్ ఏటా వస్తుంది, లాభాల వాటా ఏటా వస్తుంది. అంకె మారినా రావడం మాత్రం ఖాయం. ఏప్రిల్‌లోనే నిరుటి మొత్తాన్ని అంచనాగా తీసుకుని, పన్నును పన్నెండు నెలలకు సర్దమంటారా లేక బోనస్ నెలలోనే కోయమంటారా అని ఉద్యోగిని అడగాలి. పై లెక్కలోని కార్మికుడికి నెలకు సుమారు 6,150 చొప్పున పోతే దీపావళి బోనస్ పూర్తిగా చేతికొచ్చేది. బోనస్ ప్రకటించిన రోజే ఎవరికి ఎంత పన్ను పోయి ఎంత పడుతుందో ఒక కాగితం మీద తెలుగులో ఇవ్వాలి. ఇన్ని వేల మంది మస్టర్లను రోజువారీగా లెక్కపెట్టే వ్యవస్థకు ఇది పెద్ద పని కాదు.

మిగిలింది ఢిల్లీ చేయాల్సింది. బడ్జెట్‌కు ముందు ఆర్థిక శాఖ అన్ని వర్గాల నుంచి వినతులు తీసుకుంటుంది. సంఘాలు, రాష్ట్ర ప్రభుత్వం, మన ఎంపీలు అక్కడ పెట్టాల్సిన కోరిక ఇది: 12 లక్షలు దాటిన ప్రతి రూపాయినీ పూర్తిగా లాక్కోకుండా, అందులో సగానికి మించి పన్ను ఉండకూడదని మార్జినల్ రిలీఫ్‌ను మార్చండి. అలా మారిస్తే మన కార్మికుడి పన్ను 73,788 నుంచి 37,960కి తగ్గుతుంది. దీపావళి బోనస్‌లో 65,040 ఇంటికి చేరుతుంది. ఆదివారం డ్యూటీకి దిగినందుకు పక్కింటాయన కంటే 35,040 రూపాయలు ఎక్కువ మిగులుతాయి.