జర్మనీని నిలబెట్టింది హిట్లర్ కాదు
మనవాళ్లు నలుగురు కలిసినచోట రాజకీయాల మాట వస్తే చాలు, ఎవరో ఒకరు అంటారు: "హిట్లర్ ఘోరాలు చేశాడు నిజమే, కానీ దేశాన్ని మాత్రం బాగుచేశాడు. ఆటోబాన్‌లు (వేగంగా వెళ్లే పెద్ద రహదారులు) వేయించాడు, అందరికీ ఉద్యోగాలిచ్చాడు." జర్మనీలో ఉంటున్న మనవాళ్లే ఈ మాట అంటుంటే నాకు బాధేస్తుంది. కొలోన్ నుంచి బాన్‌కు వెళ్లే ఆటోబాన్‌ను 1932 ఆగస్టులోనే ప్రారంభించారు. ప్రారంభించింది అప్పటి కొలోన్ మేయర్ కొన్రాడ్ అడెనావర్. హిట్లర్ ఛాన్సలర్ అయింది 1933 జనవరి 30న.

నిజంగా జర్మనీని గోతిలోంచి పైకి లాగిన మనిషి పేరు మనలో చాలామందికి తెలియదు. గుస్టావ్ ష్ట్రెజెమాన్. ఆయన 1923 ఆగస్టులో ఛాన్సలర్ అయ్యేటప్పటికి బొగ్గు, ఉక్కు పరిశ్రమలుండే రూర్ ప్రాంతం, మొదటి ప్రపంచ యుద్ధ నష్టపరిహారం బాకీపడ్డామని, ఫ్రెంచి, బెల్జియం సైన్యాల చేతిలో ఉంది. అక్కడి కార్మికులు నిరసనగా పని మానేశారు. వాళ్లకు జీతాలివ్వడానికి ప్రభుత్వం నోట్లు అచ్చువేస్తూ పోయింది. నవంబరుకు ఒక డాలరు విలువ 4.2 లక్షల కోట్ల మార్కులైంది. జీవితాంతం కూడబెట్టిన డబ్బుకు రొట్టె ముక్క కూడా రాని రోజులవి.

ష్ట్రెజెమాన్ సెప్టెంబరులో ఆ ప్రతిఘటనను ఆపేశాడు. దేశద్రోహి అని తిట్టారు, పడ్డాడు. నవంబరులో రెంటెన్‌మార్క్ అనే కొత్త కరెన్సీ వచ్చింది. ఒక రెంటెన్‌మార్క్‌కు లక్ష కోట్ల పాత మార్కులు. దానికి పూచీగా చూపించింది బంగారం కాదు, దేశంలోని భూములు, పరిశ్రమల మీద వేసిన తనఖా. నిజానికి ఆ తనఖాను ఎవరూ అమ్ముకోలేరు. కరెన్సీ నిలబడిందంటే అచ్చువేసే నోట్లకు గట్టి హద్దు పెట్టి, ప్రభుత్వం తన ఖర్చు తగ్గించుకుంది కాబట్టే. లక్షల మంది ప్రభుత్వ ఉద్యోగులను తీసేశారు. అది చాలా కఠినమైన నిర్ణయం. ఆయన ప్రభుత్వం ఆ నవంబరులోనే పడిపోయింది.

ఆ తర్వాత 1929లో చనిపోయేదాకా ఆయనే విదేశాంగ మంత్రి. 1924లో డాస్ ప్రణాళికతో నష్టపరిహారం వాయిదాలు తేలికయ్యాయి, 1925లో పశ్చిమ సరిహద్దులను ఒప్పుకుంటూ ఫ్రాన్స్, బెల్జియంలతో లొకార్నో ఒప్పందం, 1926లో నానాజాతి సమితిలో సభ్యత్వం. 1928 ఎన్నికల్లో నాజీలకు వచ్చింది 2.6 శాతం ఓట్లు, 12 సీట్లు. కడుపు నిండిన జనం హిట్లర్ వైపు చూడలేదు.

ఆ కోలుకోవడంలో లోపాలు లేవని నేననను. పొదుపు చేసుకున్న మధ్యతరగతికి పోయిన డబ్బు తిరిగి రాలేదు, ఆ కోపం అలాగే ఉండిపోయింది. పరిశ్రమలు, మునిసిపాలిటీలు అమెరికా నుంచి తెచ్చిన స్వల్పకాలిక అప్పుల మీద నడిచాయి. 1929 అక్టోబరులో న్యూయార్క్ షేర్లు కూలాక ఆ అప్పులు వెనక్కి పోవడం మొదలైంది.

నన్ను ఎక్కువగా కలచివేసేది 1930 మార్చి. నిరుద్యోగ బీమా చందాను 3.5 శాతం నుంచి 4 శాతానికి పెంచాలా వద్దా అన్న గొడవతో సంకీర్ణ ప్రభుత్వం కూలిపోయింది. ఆ అర శాతం దగ్గర పార్టీలు సర్దుకుపోయి ఉండాల్సింది. ఆ తర్వాత వచ్చిన ఛాన్సలర్ బ్రూనింగ్ పార్లమెంటును పక్కనపెట్టి, అధ్యక్షుడి అత్యవసర ఆదేశాలతో జీతాలు, భృతులు కోస్తూ పోయాడు. 1932 మొదట్లో నిరుద్యోగులు 60 లక్షలు. ఆ జులైలో నాజీలకు 37.3 శాతం ఓట్లు.

మరి హిట్లర్ ఇచ్చిన ఉద్యోగాలు? ఆటోబాన్ పనులు ముమ్మరంగా జరిగినప్పుడు కూడా వాటిలో ఉన్నది లక్ష పైచిలుకు మందే. నిరుద్యోగుల లెక్క తగ్గడం వెనక ఇవీ ఉన్నాయి: యూదులను కొలువుల నుంచి తరిమేశారు. పెళ్లి చేసుకునే ఆడవాళ్లు ఉద్యోగం మానేస్తేనే అప్పు ఇచ్చారు. 1935 నుంచి కుర్రాళ్లను నిర్బంధంగా సైన్యంలోకి తీసుకున్నారు. కార్మిక సంఘాలను 1933 మే 2నే మూసేశారు, ఇక జీతం పెంచమని అడిగేవాడు లేడు. ఫ్యాక్టరీలు ఆయుధాలతో కళకళలాడాయి, ఆ డబ్బులో పెద్ద భాగం రహస్య హుండీల (తర్వాత చెల్లిస్తామనే హామీ పత్రాల) రూపంలో తెచ్చిన అప్పు. దాన్ని నడిపింది రైష్‌బ్యాంక్ అధ్యక్షుడు హ్యాల్మార్ షాఖ్ట్, 1923లో కొత్త మార్కును కాపాడినవాళ్లలో ఒకడు. ఈ ఖర్చు ఇలాగే సాగితే కరెన్సీ మళ్లీ కూలిపోతుందని 1939 జనవరిలో బ్యాంకు డైరెక్టర్లు లిఖితపూర్వకంగా హెచ్చరించారు. హిట్లర్ షాఖ్ట్‌ను పదవి నుంచి తీసేశాడు. సెప్టెంబరులో పోలండ్ మీదికి వెళ్లాడు.