సర్వదర్శనం బడి

క్యూ అంటే ఏమిటో తిరుపతి వాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. కొండ మీద ఉండేది ఒకే స్వామి, ఆయన దగ్గరికి పోయే లైన్లే వేరు. సర్వదర్శనానికి డబ్బు అక్కర్లేదు, ఓపిక చాలు. మూడు వందలు కడితే ప్రత్యేక ప్రవేశం. సిఫార్సు లేఖ ఉంటే బ్రేక్. బ్రేక్ వాళ్లు స్వామిని కాస్త దగ్గరగా, కాస్త నిదానంగా చూస్తారు, అంతే తేడా.

ఇంత అనుభవం ఉన్న ఊళ్లో ఒకటో తరగతి అడ్మిషన్లలో సమానత్వం లేదని ఎవరైనా అంటే నాకు బాధేస్తుంది. ఎందుకు లేదు? మా వీధి చివర మున్సిపల్ ప్రాథమిక పాఠశాల ఉంది. ఫీజు లేదు. పుస్తకాలు, యూనిఫాం, బూట్లు, బ్యాగు ఊరికే ఇస్తారు. మధ్యాహ్నం అన్నం, గుడ్డు. కులం అడగరు, ఆస్తి అడగరు. అది సర్వదర్శనం. దాని ముందే పొద్దున ఏడున్నరకు ప్రైవేటు స్కూలు పసుపు వ్యాను ఆగుతుంది. అది ప్రత్యేక ప్రవేశం. ఎవరి లైను వాళ్లది, తోపులాట లేదు.

వ్యాను సరిగ్గా బడి గేటు ముందే ఆగుతుంది, అక్కడ రోడ్డు కాస్త వెడల్పు గదా. మావాడు రోజూ ఆ గేటు కమ్మీ మీద కాలు పెట్టి బూటు లేసు కట్టించుకుంటాడు. సర్కారు బడితో మా కుటుంబానికి ఉన్న అనుబంధం అది.

వ్యానులో వైవిధ్యం లేదని మాత్రం అనకండి. అన్ని కులాల పిల్లలూ ఉన్నారు. డాక్టరు గారి పిల్లలు, బ్యాంకు వాళ్ల పిల్లలు, రియల్ ఎస్టేటు పిల్లలు ఉన్నారు. ఇంట్లో అరవం మాట్లాడేవాళ్లూ ఉన్నారు. లేనిదల్లా మా ఇంట్లో అంట్లు తోమే ఆమె కొడుకు. వాడు గేటుకు అవతలి వైపు నిలబడి మావాడికి చెయ్యి ఊపుతాడు. ఆదివారం ఇద్దరూ ఒకే బ్యాటుతో ఆడతారు. సోమవారం ఎవరి బడి వాళ్లది.

చట్టాల సంగతికొస్తే, పేటలోని పిల్లలంతా ఒకే బడిలో చదవాలని, చదువుల సంగతి చూడమని కేంద్రం వేసిన కొఠారీ కమిషన్ 1966లోనే చెప్పింది. 1968 జాతీయ విద్యా విధానం సరేనంది. సరేనని ఊరుకుంది. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం, ప్రైవేటు స్కూళ్లు ఒకటో తరగతిలో 25 శాతం సీట్లు పేద, బలహీన వర్గాల పిల్లలకు ఇవ్వాలంది. 2010 ఏప్రిల్ 1న అది అమల్లోకి వచ్చింది. మన రాష్ట్రంలో ఆ సీట్లకు దరఖాస్తులు పిలిచింది 2022లో. సరిగ్గా ఒక పుష్కరం! పుణ్యకాలం వచ్చేదాకా ఆగారు, తప్పు పట్టకూడదు.

అదే చట్టం పిల్లవాడికి గానీ తల్లిదండ్రులకు గానీ పరీక్ష పెట్టి వడపోయకూడదంటుంది. పోస్తే మొదటిసారి 25 వేలు, ఆ తర్వాత ప్రతిసారీ 50 వేల దాకా జరిమానా. అందుకే మావాడి స్కూల్లో ఇంటర్వ్యూ పెట్టలేదు, ‘ఇంటరాక్షన్’ పెట్టారు. ‘ఇంట్లో ఇంగ్లీష్ మాట్లాడతారా?’ అనడిగారు. మా ఆవిడ ‘యెస్’ అంది. ఆ ఒక్క ముక్కతో గట్టెక్కాం.

మొన్న ఎండల్లో మున్సిపల్ బడి టీచరమ్మ కరపత్రాలు పట్టుకుని ఇంటింటికీ తిరుగుతూ మా మెట్లెక్కింది. పాపం, చెమటలు కారుతున్నాయి. మజ్జిగ ఇచ్చాం. ‘సార్, చిన్నబాబును మా బడికి పంపండి, బాగా చూసుకుంటాం’ అంది. నాకు నోట్లో మాట ఆగదు. ‘మీ పాప ఎక్కడ చదువుతోంది మేడమ్?’ అన్నాను. ఆమె తడుముకోలేదు. ‘మీ పెద్దబాబు వ్యానులోనే సార్, కిటికీ సీటు’ అంది. ఇద్దరం నవ్వుకున్నాం. ఆమె రెండో గ్లాసు తాగి కింది వాటాలోకి దిగింది.

ఆ రాత్రే నాకు ఉపాయం తట్టింది. ఆర్జిత సేవా టికెట్లకు దేవస్థానం ఎలక్ట్రానిక్ డిప్, అంటే కంప్యూటర్ లాటరీ తీస్తుంది గదా, ఒకటో తరగతి సీట్లకూ తీద్దాం. ఊళ్లో ఐదేళ్లు నిండిన పిలకాయల పేర్లన్నీ ఒకే డిప్‌లో వేద్దాం. మున్సిపల్ బడి వచ్చినా, ఏసీ క్లాసురూము వచ్చినా ప్రాప్తం. సుప్రభాత సేవ రాకపోతే మనం ఎవరినైనా తిడుతున్నామా? ‘స్వామి పిలవలేదు’ అని సరిపెట్టుకుంటాం.

టీ కొట్టు దగ్గర ఈ మాట చెప్పగానే అందరూ గ్లాసులు దించారు. ‘ఏమినా, తమాషాగా ఉండాదా? మా పిలకాయకు మున్సిపాలిటీ బడి తగిలితే ఏం గావాల?’ అన్నాడొకాయన. మరొకాయన నెమ్మదిగా పక్కకు పిలిచి, ‘డిప్‌కు ఎమ్మెల్యే లెటరు పనిచేస్తుందా?’ అనడిగాడు.

ఇక నేనే ఆదర్శంగా ఉందామని ఇంట్లో కదిపాను. చిన్నవాణ్ని వీధి చివరి బడిలో వేద్దామన్నాను. ‘ముందు టీచరమ్మను వాళ్ల పాపను వెయ్యమను’ అంది మా ఆవిడ. టీచరమ్మనడిగితే, ‘మా హెడ్మాస్టర్ వేస్తే నేనూ వేస్తాను సార్’ అంది. హెడ్మాస్టర్ గారు పైఅధికారుల పిల్లల సంగతి ఎత్తారు. ప్రభుత్వ జీతం తీసుకునేవాళ్లు, ప్రజాప్రతినిధులు, జడ్జీలు అందరూ తమ పిల్లల్ని సర్కారు ప్రాథమిక బడికే పంపేలా చూడమని 2015లో అలహాబాద్ హైకోర్టు చెప్పిందని గుర్తు చేశాను. ‘అది ఉత్తరప్రదేశ్ కదండీ’ అన్నారాయన. ఎక్కడో చాలా దూరం.

కాబట్టి ఎవరూ కాదనడం లేదు. అందరూ సిద్ధంగానే ఉన్నారు, ముందున్నవాళ్లు కదిలితే చాలు. ప్రస్తుతం కంపార్ట్‌మెంట్లన్నీ నిండిపోయాయి. లైనులో మొట్టమొదట నిలబడింది ఎవరో వెనకున్న మాకు కనపడటం లేదు. రేపు ఏడున్నరకు వ్యాను మాత్రం వస్తుంది, మావాడి సాక్సులు ఇంకా ఆరలేదు.