మా ఇంటికి బిర్యానీ తెచ్చే ఆవిడ వల్ల అమెరికాకి ముప్పు

బాధ్యత గల పౌరుడిగా రాస్తున్నాను, దయచేసి నవ్వకండి.

మాది డాలస్ దగ్గర ఫ్రిస్కో. మొగుడూ పెళ్ళాం ఇద్దరం సాఫ్ట్‌వేర్, ఇద్దరు పిల్లలు, ఇద్దరి జీతాలూ కలిపి 4 లక్షల డాలర్లకి ఒక మెట్టు కింద. 2025 ట్యాక్సుల్లో పిల్లకి 2,200 చొప్పున 4,400 డాలర్ల చైల్డ్ ట్యాక్స్ క్రెడిట్ మా పన్నులోంచి ఠక్కున తగ్గిపోయింది. పిల్లలు మీ పిల్లలేనా, మీ ఇంట్లోనే పడుకుంటున్నారా అని ఎవరూ అడగలేదు. ఇంత జీతం వచ్చేవాడు పిల్లల విషయంలో అబద్ధం ఎందుకాడతాడు?

ముప్పంతా గుడిలో పరిచయమైన ఒకావిడతో. విడాకులయ్యాయి, ఇద్దరు పిల్లల్ని ఒక్కతే పెంచుకుంటూ కారులో ఫుడ్ డెలివరీ చేస్తుంది. అప్పుడప్పుడు మా ఇంటికి బిర్యానీ తెచ్చేదీ ఆవిడే, అప్పుడు మాత్రం మేం చూడనట్టు ఉంటాం, ఆవిడా చూడనట్టే ఉంటుంది. "అన్నయ్యగారూ, మీకు లెక్కలు తెలుసు కదా, నా ట్యాక్సు కాస్త చూసిపెట్టండి" అంటే కాదనలేక కూర్చున్నాను.

ఏడాదంతా తిరిగితే వచ్చింది 22,000. 10,000 మైళ్ళకి మైలుకి 70 సెంట్ల చొప్పున ఖర్చు తీసేస్తే మిగిలింది 15,000. ఇన్‌కమ్ ట్యాక్స్ సున్నా! ఇక్కడే నాకు కాస్త కడుపుమంట మొదలైంది, దాచుకోను. కానీ సొంతంగా పనిచేసేవాళ్ళు సోషల్ సెక్యూరిటీ (పెద్దయ్యాక పింఛను), మెడికేర్ (పెద్దయ్యాక వైద్యం)లకి ఉద్యోగి వాటా, యజమాని వాటా రెండూ తామే కట్టాలి, 15.3 శాతం. కూలీ ఆవిడే, ఓనరూ ఆవిడే, రెండు జేబులూ ఆవిడవే కాబట్టి 2,119 డాలర్లు అలా పోయాయి.

ఇక పిల్లల క్రెడిట్. మాకు 4,400 వచ్చింది కదా, ఆవిడకి 1,716. కట్టాల్సిన ఇన్‌కమ్ ట్యాక్సే లేనివాళ్ళకి చేతికిచ్చేది, సంపాదనలో 2,500 దాటిన దాంట్లో 15 శాతమే. అమ్మ తక్కువ సంపాదిస్తే పిల్లలు తక్కువ తింటారన్నమాట, ఇందులో తప్పుపట్టడానికి నాకేమీ కనిపించలేదు.

అసలు ప్రమాదం ఎర్న్‌డ్ ఇన్‌కమ్ క్రెడిట్, అంటే తక్కువ జీతాలకి పనిచేసేవాళ్ళకి ప్రభుత్వం కలిపిచ్చేది. 1975 నుంచీ ఉంది, ఇద్దరు పిల్లలుంటే ఒక హద్దు దాకా సంపాదించిన ప్రతి డాలరుకీ 40 సెంట్లు కలుపుతారు. ఆవిడకి 5,576 వచ్చింది, కలపాల్సినవి కలిపి తీసెయ్యాల్సినవి తీసేస్తే రిఫండు 5,170 డాలర్ల చిల్లర.

సంపాదన పెరిగితే ఈ క్రెడిట్ కొంతదాకా పెరుగుతుంది, కాబట్టి అనుమానం ఇక్కడ తలకిందులుగా పనిచేస్తుంది. వ్యాపారస్తులని "ఇంతే సంపాదించావా?" అని నిలదీస్తారు, ఈవిడని మాత్రం "నిజంగా ఇంత సంపాదించావా?" అని అడుగుతారు. ఖర్చులు ఎక్కువ రాస్తే అందరికీ తప్పు, తక్కువ రాస్తే ఈవిడకి తప్పు. అందుకని సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా మైళ్ళు రాసుకునే నోటుబుక్కు ఒకటి పెట్టుకుంది, మా కంపెనీకి కూడా అంత శుభ్రమైన పుస్తకాలు ఉండవేమో.

అయినా ఈ క్రెడిట్‌కి రుజువులు చూపించమని ట్యాక్సువాళ్ళ నుంచి ఉత్తరం వచ్చింది. ఆశ్చర్యపోలేదు. కొన్నేళ్ళ కిందట దేశంలో ట్యాక్స్ రిటర్నుల సంఖ్యనిబట్టి చూస్తే ఎక్కువ ఆడిట్లు (పన్ను తనిఖీలు) ఎక్కడ జరుగుతున్నాయని లెక్కతీస్తే తేలింది న్యూయార్క్ మన్‌హాటన్ కాదు, మిసిసిపీలో హంఫ్రీస్ కౌంటీ, పేద నల్లజాతివాళ్ళు ఎక్కువగా ఉండే పల్లెటూళ్ళు, ట్యాక్స్ రిటర్ను వేసేవాళ్ళలో సగానికి పైగా ఇదే క్రెడిట్ తీసుకునే చోటు. దొంగలు ఎక్కడుంటారో ప్రభుత్వానికి తెలియదా ఏంటి?

పిల్లలు సగం ఏడాదికి మించి తన దగ్గరే ఉన్నారని రుజువు కావాలట. తొమ్మిది నెలలు మోసిన సంగతి లెక్కలోకి రాదు, అది వేరే సంవత్సరం. బడి నుంచో, డాక్టరు నుంచో, ఇంటి ఓనరు నుంచో, గుడి నుంచో లెటర్‌హెడ్ మీద ఉత్తరం తేవాలి, అందులో పిల్లల పేర్లు, అడ్రసు, తేదీలు ఉండాలి. బడికి సెలవులు, ఓనరు ఫోనెత్తడు. పాపం మా పంతులుగారు అడగ్గానే ఒప్పుకున్నారు. పిల్లల పేర్లు, గోత్రం, జన్మనక్షత్రాలు పాదాలతో సహా రాసి, సంతకం పెట్టి, అక్షింతలు కూడా వేసి ఇచ్చారు.

అడ్రసు రాయలేదు.

శనివారం మళ్ళీ వెళ్ళాలట, డెలివరీలకి గిరాకీ ఉండే రోజే. రానూ పోనూ 22 మైళ్ళు, అవి ఖర్చు కింద రాసుకోకూడదని నేనే చెప్పాను.