అయోవాకి ఆఫెన్స్ అవసరమా?

వచ్చే సీజన్‌లో అయోవా యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు ఆఫెన్స్, అంటే బంతి చేతిలో ఉన్నప్పుడు పాయింట్లు చెయ్యాల్సిన విభాగం, బ్రహ్మాండంగా ఉండబోతోందని అమెరికాలోని మా అయోవా రాష్ట్రంలో ఒక పుకారు షికారు చేస్తోంది. ఆఫీసు క్యాంటీన్లలో, పెట్రోలు బంకుల దగ్గర, చివరికి డిమోయిన్ గుడిలో పులిహోర లైన్లో కూడా ఇదే మాట. బాధ్యత గల అభిమానిగా నేను దీన్ని తీవ్రంగా ఖండిస్తున్నాను. హాకైస్ (మా జట్టు ముద్దుపేరు) అభిమానులు వరదలు చూశారు, మంచు తుఫాన్లు చూశారు, 35-0 తేడాతో ఓడిన మ్యాచ్ కూడా చూశారు. వాళ్ళు తట్టుకోలేనిది ఒక్కటే, ఆశ.

కొత్తవాళ్ళ కోసం కాస్త నేపథ్యం. అయోవా జనాభా 32 లక్షలు. పందుల సంఖ్య రెండు కోట్ల పైమాటే. డబ్బులిచ్చి ఆడించే పెద్ద లీగు జట్టు ఒక్కటీ లేదు. కాబట్టి శరదృతువులో శనివారం వచ్చిందంటే దాదాపు 69 వేల మంది నలుపు, పసుపు బట్టలు వేసుకుని అయోవా సిటీలోని కిన్నిక్ స్టేడియంలో కూర్చుంటారు. ఆట చూద్దామా అంటే, అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి చేతికొచ్చిన జట్టుకి పది యార్డులు ముందుకు పోవడానికి నాలుగు అవకాశాలుంటాయి. మూడు సార్లు ప్రయత్నించి కాలేదనుకుంటే నాలుగోసారి బంతిని ఎదుటివాళ్ళ గుమ్మం దాకా తన్నేసి, ఇక మీ తిప్పలు మీరు పడండి అని వచ్చేస్తారు. దీన్నే పంట్ అంటారు. మిగతా రాష్ట్రాల్లో ఇది ఓటమి ఒప్పుకోవడం. మా దగ్గర దీనికి జనం లేచి నిలబడి చప్పట్లు కొడతారు.

ఆఫెన్స్ లేకుండా గెలవవచ్చా అని అమాయకులు అడుగుతుంటారు. 2004లో పెన్ స్టేట్ మీద 6-4తో గెలిచాం. బేస్‌బాల్ కాదు, ఫుట్‌బాలే. మా ఆరూ రెండు ఫీల్డ్ గోల్స్, అంటే బంతిని గోల్ కర్రల మధ్యనుంచి తన్నితే వచ్చే మూడేసి పాయింట్లు. వాళ్ళ నాలుగూ రెండు సేఫ్టీల ద్వారా (బంతితో సొంత గోల్ ప్రాంతంలోనే చిక్కుకుపోతే అవతలివాళ్ళకి రెండు పాయింట్లు) మేమే సమర్పించుకున్నవి, అందులో రెండోది కావాలనే ఇచ్చాం. గెలిచే తొందరలో అతిథి మర్యాద మరిచిపోయే జట్టు కాదు మాది.

ఆ కళ పరాకాష్ఠకు చేరింది 2022 సీజన్ మొదటి మ్యాచ్‌లో. ఎదురుగా సౌత్ డకోటా స్టేట్, కింది డివిజన్ జట్టు. 7-3తో గెలిచాం. రాత్రి హైదరాబాద్ నుంచి మా బావ ఫోన్ చేశాడు.

"ఏరా, గెలిచారటగా? ఏడు అంటే బంతిని చివరి గీత దాటించిన ఒక టచ్‌డౌన్‌కి ఆరు, దాని మీద ఒక పాయింటు, అంతేనా?"

"కాదు బావా. టచ్‌డౌన్ లేదు."

"మరి ఏడు ఎలా వచ్చాయి?"

"ఒక ఫీల్డ్ గోల్‌కి మూడు. మా డిఫెన్స్ వాళ్ళు, అంటే అడ్డుకునే కుర్రాళ్ళు, అవతలి జట్టుని వాళ్ళ ఇంట్లోనే రెండు సార్లు పడగొడితే రెండేసి చొప్పున నాలుగు."

బావ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "అక్కడ నీకు ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగాడు.

ఆ ఏడాది యార్డుల లెక్కలో దేశంలోని పై డివిజన్ 131 జట్లలో మా ఆఫెన్స్‌ది 130వ స్థానం. ఇంకొక్క మెట్టు మిగిలిపోయిందన్న బాధ లోలోపల ఉండేది. 2023లో అదీ తీరింది. 133 జట్లకు గాను 133వ స్థానం. మ్యాచ్‌కి సగటున 15.4 పాయింట్లు సంపాదించాం, 14.8 ఇచ్చుకున్నాం. మ్యాచ్‌కి పాయింటులో సగం పైచిలుకు లాభం. కిరాణా కొట్టు కూడా ఆ మార్జిన్ మీద నడవదు. అయినా పది మ్యాచ్‌లు గెలిచి, మేము ఆడే బిగ్ టెన్ లీగులో పడమటి డివిజన్ టైటిల్ పట్టుకొచ్చాం. నెబ్రాస్కాతో ఆడబోయే ముందు పందేల కంపెనీలు రెండు జట్లకూ కలిపి 24.5 పాయింట్లు వస్తాయని గీత గీశాయి. అంత కిందికి ఎవరూ ఎప్పుడూ గీయలేదన్నారు. మేము 13-10తో గెలిచాం. లెక్కేసుకోండి, 23. అంత కింద గీసిన గీతకి కూడా కిందనుంచి దూరి వెళ్ళాం.

ఇక్కడ ఒక కుటుంబ కథ కూడా ఉంది. తెలుగువాళ్ళకు వివరించక్కర్లేని రకం. 1999 నుంచి హెడ్ కోచ్ కర్క్ ఫెరెంట్స్. 2017 నుంచి ఆఫెన్స్ నడిపింది ఆయన కొడుకు బ్రయాన్. తండ్రి కింద కొడుకు పనిచేస్తే బంధుప్రీతి అంటారని, కాగితాల మీద కొడుకు పైఅధికారిగా యూనివర్సిటీ క్రీడలన్నిటికీ పెద్ద అయిన అథ్లెటిక్ డైరెక్టర్‌ని పెట్టారు. ఇలాంటి ఏర్పాట్లు మన సినిమా, రాజకీయ రంగాల్లో పుట్టలేదన్నది నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. మనవాళ్ళు ఆ కాగితం కూడా పెట్టలేదు.

జనం గోల ఎక్కువయ్యాక 2023 మొదట్లో బ్రయాన్ ఒప్పందాన్ని తిరగరాశారు. జీతం 50 వేల డాలర్లు తగ్గించి 8,50,000 చేశారు. జట్టు మ్యాచ్‌కి సగటున 25 పాయింట్లు చెయ్యాలి, ఏడు మ్యాచ్‌లు గెలవాలి, లేకపోతే ఒప్పందం ఆ ఏడాదితో సరి. పదమూడు మ్యాచ్‌లు ఆడతారనుకుంటే మొత్తం 325. ఆ ఒప్పందంలో నాకు బాగా నచ్చింది చిన్న అక్షరాల్లోని మానవత్వం: డిఫెన్స్ చేసిన పాయింట్లు కూడా కొడుకు ఖాతాలోకే. ఇంట్లో తమ్ముడు కష్టపడి మార్కులు తెస్తే అన్న ప్రోగ్రెస్ కార్డు మీద వేసే పద్ధతి. డిఫెన్స్ కుర్రాళ్ళు పాపం బంతి లాక్కుని పరిగెడుతుంటే, వాళ్ళు మోస్తున్నది బంతి మాత్రమే కాదని స్టేడియంలో అందరికీ తెలుసు. అంత చేసినా అందలేదు. అక్టోబర్ చివర్లో, సీజన్ మధ్యలోనే, ఈ ఏడాదితో చాలు అని యూనివర్సిటీ ప్రకటించింది. ఆ తర్వాత కూడా గెలుస్తూనే పోయి, చివరి రెండు మ్యాచ్‌ల్లో మిషిగన్ చేతిలో 26-0, టెనెసీ చేతిలో 35-0. వీడ్కోలుకి ఒక నిలకడ ఉండాలి.

ఆ రోజుల్లో మా హీరో ఎవరనుకున్నారు? టోరీ టేలర్. మెల్‌బోర్న్ కుర్రాడు. పంటర్, అంటే బంతి తన్నేసి వచ్చేవాడు. 2023లో 93 సార్లు తన్నాడు, మొత్తం 4,479 యార్డులు. ఒక్క సీజన్‌లో అన్ని యార్డులు తన్నినవాడు కాలేజీ ఫుట్‌బాల్ చరిత్రలో ఇంకొకడు లేడు. అదే పద్నాలుగు మ్యాచ్‌ల్లో మా ఆఫెన్స్ మొత్తం కలిసి సంపాదించింది దాదాపు 3,300. అంటే పదకొండు మంది కలిసి ముందుకు నడిచిన దూరం కన్నా ఒక్కడు బంతిని వదిలించుకున్న దూరం ఎక్కువ. "పంట్ అంటే గెలుపే" అని టీషర్టులు వచ్చాయి. దేశంలో అత్యుత్తమ పంటర్‌కి ఇచ్చే రే గై అవార్డు ఇచ్చారు. ప్రొఫెషనల్ జట్టు షికాగో బేర్స్ వాళ్ళు కొత్త ఆటగాళ్ళ ఎంపికలో నాలుగో రౌండ్‌లో ఎగరేసుకుపోయారు. విగ్రహం ఇంకా పెట్టలేదు. ఆ సంగతి వేరే వ్యాసంలో.

స్వర్ణయుగం అక్కడితో ఆగిపోయింది. 2024లో టిమ్ లెస్టర్ అని కొత్త ఆఫెన్స్ కోఆర్డినేటర్ని తెచ్చారు. వచ్చీ రాగానే ఆయన పాయింట్లు చెయ్యడం మొదలుపెట్టాడు. సగటు 27.7. కేలబ్ జాన్సన్ ఒక్కడే 1,537 యార్డులు పరిగెత్తి 21 టచ్‌డౌన్లు వేశాడు. కిన్నిక్‌లో పెద్దవాళ్ళకి ఏం చెయ్యాలో తోచలేదు. ఇప్పుడు దయచేసి గెలుపుల వరస చూడండి. 15.4 పాయింట్లకి పది గెలుపులు. 27.7 పాయింట్లకి ఎనిమిది. పన్నెండు పాయింట్లు పెంచి రెండు గెలుపులు పోగొట్టుకున్నాం. ఈ లెక్కన 40 పాయింట్ల ఆఫెన్స్ వస్తే మిగిలేది ఆరు. ఈ సూత్రాన్ని ఎవరైనా గణిత శాఖ వాళ్ళు పరిశీలించాలని మనవి.

క్వార్టర్‌బ్యాక్‌ల, అంటే ఆఫెన్స్‌ని నడిపిస్తూ పాస్‌లు వేసేవాళ్ళ, విషయంలో మా జట్టుకి ఒక రహస్య విధానం ఉంది, ఇంతవరకు ఎవరూ బయటపెట్టలేదు. కేడ్ మెక్‌నమారా, 2021 బిగ్ టెన్ ఫైనల్లో మిషిగన్ తరఫున మమ్మల్ని 42-3తో చితక్కొట్టాడు. మా జట్టులోకి వచ్చాడు, మోకాలు దెబ్బతింది. బ్రెండన్ సలివాన్, నార్త్‌వెస్టర్న్ తరఫున 2023లో షికాగో బేస్‌బాల్ మైదానంలో మా చేతిలో 10-7తో ఓడాడు. మరుసటి ఏడాది మా దగ్గరే తేలాడు. ఇక 2025లో మార్క్ గ్రొనౌస్కీ. ఎక్కడో చూసినట్టుందా? ఆ 7-3 మ్యాచ్‌లో అవతలి పక్క మూడు పాయింట్లకు పరిమితమైన కుర్రాడే. ఆ తర్వాత కింది డివిజన్‌లో రెండు జాతీయ టైటిళ్ళు గెలిచాడు కానీ, మా డిఫెన్స్‌ని మరిచిపోలేకపోయినట్టున్నాడు. మా విధానం ఇదే. బయట ప్రతిభను వెతకం. మా డిఫెన్స్ ఎదుట నిలబడి చూసినవాణ్ణే తెచ్చుకుంటాం. రోజూ ప్రాక్టీసులో మళ్ళీ వాళ్ళతోనే కదా పడాలి, ముందే అలవాటుంటే భయం ఉండదు.

గ్రొనౌస్కీ బాగా ఆడాడు. అదే వచ్చిన ఇబ్బంది. 2025 రెగ్యులర్ సీజన్‌లో నాలుగు మ్యాచ్‌లు ఓడాం: అయోవా స్టేట్ 16-13, ఇండియానా 20-15, ఒరెగాన్ 18-16, యూఎస్‌సీ (సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ) 26-21. నాలుగింటికీ కలిపి తేడా పదిహేను పాయింట్లు. ఇండియానా వాళ్ళు ఆట ముగియడానికి నిమిషంన్నర ఉండగా లాంగ్ పాస్ వేశారు. ఒరెగాన్ వాళ్ళు చివరి సెకన్లలో ఫీల్డ్ గోల్ కొట్టి పోయారు. యూఎస్‌సీ మీద మేమే 21-7తో ముందున్నాం. పాత రోజుల్లో 35-0 అనగానే రెండో క్వార్టర్‌లోనే టీవీ కట్టేసి, గ్యారేజీ సర్దుకుని, ప్రశాంతంగా పడుకునేవాళ్ళం. ఇప్పుడు రెండు పాయింట్ల తేడాతో ఓడి రాత్రి రెండింటికి లేచి, ఆ మూడో డౌన్‌లో (నాలుగు అవకాశాల్లో మూడోది) ఎడమ వైపు ఎందుకు వెళ్ళాడా అని ఆలోచిస్తున్నాం. మా ఆవిడ దృష్టిలో ఈ టెన్షన్ అంతటికీ కారణం లెస్టరే. నేను ఖండించలేకపోతున్నాను.

ఇంతలో గ్రొనౌస్కీకి కాలేజీలో ఆడే గడువు అయిపోయింది. కొత్త క్వార్టర్‌బ్యాక్ కావాలి. ఇలాంటి సమయంలో వివేకమున్న జాతి ఏం చేస్తుంది? ఆశలు తగ్గించుకుంటుంది. మావాళ్ళేమో ముందుకు వేసే పాస్‌ల గురించి, జాతీయ టైటిల్ కోసం జరిగే ప్లేఆఫ్ గురించి మాట్లాడుతున్నారు. పన్నెండు జట్ల ప్లేఆఫ్‌కి పోతే అక్కడ ఏం తింటామో, ఏం కట్టుకుంటామో కూడా ప్లాన్లు.

కాబట్టి యూనివర్సిటీకి నా విన్నపాలు. మూడో డౌన్‌లో ఎనిమిది యార్డులు కావాల్సినప్పుడు మూడు యార్డుల పాస్ వేసే మన సంప్రదాయాన్ని కాపాడాలి, అది కొత్తవాళ్ళు వచ్చి పాడుచేస్తున్నారు. ఇరవై యార్డులు దాటిన పాస్ వెయ్యాలంటే స్టేడియంలో ముందుగా మైకులో చెప్పాలి, మాలో బీపీ ఉన్నవాళ్ళున్నారు. టికెట్ వెనక జాగ్రత్తల్లో "ఈ జట్టు పాయింట్లు చెయ్యవచ్చు" అని అచ్చు వెయ్యాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఫెరెంట్స్ గారికి 2025లో బిగ్ టెన్‌లో అందరికన్నా ఎక్కువ గెలుపులున్న కోచ్‌గా రికార్డు వచ్చింది, ఒహాయో స్టేట్ పాతకాలపు కోచ్ ఉడీ హేస్‌ని దాటేశారు. ఆ గెలుపుల్లో ఆఫెన్స్ వాటా ఎంతో విడిగా తేల్చమని ఎవరూ ఆయన్ని అడగకూడదు. పెద్దాయన.

ఈ ఆశ ఎక్కణ్ణుంచి పుడుతోందో నాకు తెలుసు. స్ప్రింగ్ ప్రాక్టీసు. చలి తగ్గగానే కిన్నిక్ గేట్లు తెరుస్తారు, జనం ఉచితంగా వచ్చి కూర్చుంటారు, ఆఫెన్స్ చాలా బాగుందని ఎవరో ఒకరు అంటారు. బాగుందంటే ఎవరి మీద? మా డిఫెన్స్ మీదే. ఆఫెన్స్ గెలిస్తే డిఫెన్స్ చెడిపోయినట్టు. డిఫెన్స్ గెలిస్తే ఆఫెన్స్ మారనట్టు. అందులో శుభవార్త అనేది వచ్చే దారే లేదు, అయినా ప్రతి ఏడాదీ వెతుక్కుంటూ వెళ్తాం. ఈ మధ్య వెళ్ళినప్పుడు ఒక కుర్రాడు నలభై యార్డుల అవతలికి చక్కటి పాస్ వేశాడు, ఇంకొకడు, కాపలా కాయాల్సిన డిఫెన్స్ కార్నర్‌బ్యాక్‌ని దాటి, పట్టుకుని టచ్‌డౌన్ చేశాడు. చప్పట్లు కొట్టబోయాను. పక్క సీట్లో పసుపు టోపీ పెద్దాయన లేచి నిలబడి, చేతులు నోటికి అడ్డం పెట్టుకుని మైదానంలోకి అరిచాడు:

"ఆ కార్నర్‌బ్యాక్ ఎవడయ్యా? వాణ్ణి ముందు బెంచీ మీద కూర్చోబెట్టండి!"