జామకాయ ముందు ఓడిపోయిన మడత చాకు గారికి

హనుమకొండ,
సోమవారం రాత్రి.

మహారాజశ్రీ మడత చాకు గారి దివ్యసముఖానికి,

తమరిని గత 5 వారాలుగా ప్యాంటు కుడి జేబులో మోస్తున్న విశ్రాంత లెక్కల ఉపాధ్యాయుడు సవినయంగా వ్రాయునది. తమరు ప్రస్తుతం నా బల్ల మీద, కళ్ళజోడు పెట్టె పక్కన, ముడుచుకొని క్షేమంగా ఉన్నారు. నా క్షేమం గురించి చెప్పుకోవడానికే ఈ ఉత్తరం.

ఈ రోజు ఉదయం 11 గంటలకు, నేను ఇంకా బతికే ఉన్నానని రుజువు చేసుకోవడానికి ఒక కార్యాలయానికి వెళ్ళాను. పింఛను తీసుకొనేవారికి అది ఏడాదికొకసారి తప్పని తద్దినం. గేటు దగ్గర కాపలాదారు తన చేతి యంత్రాన్ని నా ఒంటి మీదుగా పైనుండి కిందకు దువ్వుతూ వచ్చి, కుడి తొడ దగ్గరకు రాగానే అది కీచుమనడంతో ఆగిపోయాడు. నేను తమరిని తీసి అతని చేతిలో పెట్టాను. అతను ఒక్క వేలితో తమరిని తెరిచి, నల్లటి అలుగును, పంటి వరుసలా ఉన్న వెన్ను గాట్లను, తోక దగ్గరి ఇనుప ములికిని చూసి, "ఆయిధాలు లోపలికి రావద్దు సార్" అన్నాడు. రిజిస్టరులో నా పేరుకు ఎదురుగా 'కత్తి - 1' అని రాసి, 17 అని అంకె వేసిన అట్టముక్కను నా చేతికిచ్చాడు. వెనుక వరుసలో నిలబడ్డ వాళ్ళలో ఒకడు నా దగ్గర పదో తరగతిలో త్రికోణమితి నేర్చుకున్నవాడే. వాడు నమస్కారం పెట్టడానికి సగం ఎత్తిన చేతిని దించేసుకొని పక్కకు చూశాడు.

లోపల నా పని 20 నిమిషాలలో ముగిసింది. అంటే, సర్వర్ పనిచేయడం లేదు కనుక రేపు రమ్మని చెప్పడానికి వారికి పట్టిన సమయం అది. బయటకు వచ్చేసరికి గేటు దగ్గర వేరొకరు కూర్చొని ఉన్నారు. అట్టముక్క చూపితే, సొరుగుకు తాళం ఉందని, తాళం చెవి భోజనానికి వెళ్ళినవారి దగ్గర ఉందని చెప్పారు. 12 గంటల నుండి 3 గంటల వరకు ఒక సిమెంటు దిమ్మె మీద కూర్చొని, తమరిని వదిలేసి ఇంటికి పోదామా వద్దా అని ఆలోచించాను. తమ ఖరీదు 900 రూపాయలు. ఆ అంకే నన్ను దిమ్మె మీద కూర్చోబెట్టింది.

చివరకు ఒక అటెండరు జాలిపడి, కాపలాదారు వెనుక వేపచెట్టు కింద ఉన్నాడని చెబితే వెళ్ళాను. అక్కడ ఒక వార్తాపత్రిక ముక్క మీద ఉప్పూకారం, దాని పక్కన దోరగా పండిన పెద్ద జామకాయ, ఆ జామకాయలో సగం దాకా దిగి ఇరుక్కుపోయిన తమరు. పైన కోసినట్టు గీత ఉంది కాని, కింద కాయ తెగలేదు, పగిలింది. గింజలు నలిగి, గుజ్జు తమ అలుగుకు రెండు వైపులా అంటుకొని ఉంది. ఆయుధాన్ని స్వాధీనం చేసుకున్నవాడు, దాన్ని సొరుగులో ఉంచకుండా జామకాయకు వాడినందుకు సిగ్గుపడతాడేమోనని నేను ఎదురుచూశాను. అతను తల ఎత్తి, ఎంతో సానుభూతితో, "గిదేం చాకు సారూ, జాంకాయ సుత తెగుతలేదు. జర సాన పట్టియ్యిండ్రి" అన్నాడు.

అయ్యా, నా అభియోగమంతా ఇదే. ఉదయం 11 గంటలకు ఒక ప్రభుత్వ భవనానికి ప్రమాదకరమైన వారు, మధ్యాహ్నం 3 గంటలకు ఒక జామకాయకు ప్రమాదకరం కాలేకపోయారు. ఈ రెండూ ఒకే వస్తువుకు ఒకే రోజున ఎలా సాధ్యమో నాకు అర్థం కావడం లేదు. చూస్తే భయం పుట్టాలి, పట్టుకుంటే పని జరగాలి అని తమను అమ్మినవారు రాశారు. మొదటి సగం అక్షరాలా నిలబెట్టుకున్నారు.

తమరు మా ఇంటికి వచ్చిన రోజున నేను తమరిని శాస్త్రీయంగానే పరీక్షించాను. అలుగు మీద ఉక్కు రకాన్ని తెలిపే '440' అని చెక్కి ఉంది. ఆ అంకె పక్కన ఎ, బి, సి అనే అక్షరాలలో ఒకటి ఉండాలి. 440-ఎ రకం ఉక్కులో కార్బన్ 0.60 నుండి 0.75 శాతం వరకు ఉంటుంది. 440-సి రకంలో 0.95 నుండి 1.20 శాతం ఉంటుంది. ఉక్కు ఎంత గట్టిపడుతుందో, పదును ఎంతకాలం నిలుస్తుందో చాలావరకు ఆ కార్బన్ మీదే ఆధారపడుతుంది. అక్షరం లేని 440 అంటే, హాజరు పట్టీలో పేరుండి ఏ తరగతో తెలియని పిల్లవాడితో సమానం. ఇంతమంది పిల్లలకు మార్కులు వేసినవాడిని, ఆ ఖాళీ దగ్గరే నాకు అనుమానం రావలసింది. మూడు రకాలలోనూ క్రోమియం 16 నుండి 18 శాతం ఉంటుంది కనుక తమకు అంత తేలికగా తుప్పు పట్టదు. తమలో ఉన్న ఆ ఒక్క సుగుణాన్ని నేను కాదనను.

ఇక తమ దేహపుష్టి. వెన్ను దగ్గర స్కేలు పెట్టి కొలిస్తే 3 మిల్లీమీటర్ల పైనే ఉంది. మా వంటింట్లో టమాటాలు కోసే చాకు అందులో సగం కూడా లేదు. పండ్లు, తాళ్ళు, అట్టపెట్టెలు కోసే చాకుకు పదును అంచు ఒక్కో పక్క 15 నుండి 20 డిగ్రీల వాలులో ఉంటే చాలు. తమ వాలును కోణమానిని పెట్టి చూస్తే, నా చూపు మందగించిందని ఎంత తగ్గించి లెక్కవేసినా, 30కి తక్కువ రాలేదు. రెండు పక్కలూ కలిపితే 60. అది సమబాహు త్రిభుజంలోని కోణం. సమబాహు త్రిభుజంతో జామకాయను ఎవరు కోస్తారు? మొద్దులు చీల్చేటప్పుడు దిగగొట్టే ఇనుప చీల చేసే పనే తమరూ చేశారు: లోపలికి దిగి, రెండు వైపులకు తోసి, పగలగొట్టారు.

తక్కినవి క్లుప్తంగా మనవి చేసుకుంటాను. జేబుకు తగిలించుకొనే క్లిప్పు రెండు ప్యాంట్ల అంచులను కొరికింది. అలుగు మీది నల్లపూత మొదటి నిమ్మకాయతోనే మచ్చలు పడింది. ఇరుసు మర రెండో వారంలో వదులై అలుగు అటూ ఇటూ ఆడుతుంటే, దాన్ని బిగించడానికి నక్షత్రం ఆకారపు కొన ఉన్న స్క్రూడ్రైవరు కావలసి వచ్చింది. అది చౌరస్తాలోని సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రవాడి దగ్గర తప్ప దొరకలేదు. తమరిని తెరిచినప్పుడు ఒక పలుచని రేకు పక్కకు జరిగి అలుగు వెనుక అడ్డం నిలుస్తుంది. తిరిగి ముడవాలంటే బొటనవేలితో ఆ రేకును నెట్టాలి, అంటే బొటనవేలిని సరిగ్గా అలుగు పడే దారిలోనే పెట్టాలి. తోకనున్న ములికి కారు అద్దం పగలగొట్టడానికట. నాకున్నది స్కూటరు.

బియ్యం బస్తా సంగతి మాత్రం క్లుప్తంగా చెప్పలేను. తమరు వచ్చిన మూడో రోజున 25 కిలోల బస్తా ఇంటికి వచ్చింది. తమ ప్రతిభను ఇంటిల్లిపాదికీ చూపించే సందర్భమని నేను నేల మీద కూర్చొని, తమరిని చటుక్కున తెరిచి, మూతి కుట్టు మీద పెట్టి లాగాను. జారారు. సంచి అల్లిక మీద పెట్టి లాగాను. మళ్ళీ జారారు. నాలుగోసారి కుట్టుకు బెత్తెడు పక్కన సంచికి చిరుగు పడి, అందులో నుండి బియ్యం ధారగా కారడం మొదలైంది. నా భార్య వచ్చి, కుట్టు దారానికి ఒక చివర చూసి కాదని వదిలేసి, రెండో చివర పట్టుకొని ఒక్క లాగు లాగింది. గొలుసు కుట్టు కనుక కొస నుండి కొసకు సర్రున ఊడి వచ్చింది. "దారం లాగితే ఊడొస్తది, దీనికి కత్తెందుకు?" అని అడిగి వెళ్ళిపోయింది. ఆ ప్రశ్నకు నేను ఈ నాటికీ సమాధానం చెప్పలేదు.

పర్వతగిరి దిక్కున మా పల్లెలో, నా చిన్నప్పుడు, తాటిచెట్టు ఎక్కే గౌడ్ తాత ఒకాయన ఉండేవాడు. నడుముకు మోకు, గీత కత్తి కట్టుకొని ఊరంతా తిరిగేవాడు. తాటిగెలను రోజుకు రెండు మూడు మార్లు ఉల్లిపొర అంత పలుచగా చెక్కాలి, కత్తి మొద్దుబారితే గెల నలిగి కల్లు పారదు. అందుకని పొద్దున చెట్టు ఎక్కే ముందు కత్తిని నూరి, ముంజేతి మీది వెంట్రుకలు గీసి చూసుకొనేవాడు. ఆ చేయి ఎప్పుడూ నున్నగా ఉండేది. ఆ కత్తిని చూసి ఊళ్ళో ఎవరూ జడుసుకోలేదు, దాని ఆకారంలో పని తప్ప ఇంకేమీ కనబడేది కాదు కనుక. పరాయి దేశాలలో తమ బంధువులూ అటువంటివారే. స్విట్జర్లాండులో కార్ల్ ఎల్సెనర్ 1884లో పెట్టిన కార్ఖానా నుండి 1897లో సైనికాధికారుల చాకు వచ్చింది. ఫ్రాన్సులో జోసెఫ్ ఒపినెల్ 1890లో చేసిన చెక్కపిడి చాకుకు 1955లో తిప్పి బిగించే ఉంగరం చేరింది. వారెవరూ ముఖానికి నల్లరంగు పూసుకొని ఎవరినీ బెదిరించాలని చూడలేదు.

తమరిని చట్టం కూడా పెద్దగా పట్టించుకోదు. ఆయుధాల నిబంధనల పట్టికలోకి ఎక్కాలంటే అలుగు 9 అంగుళాలకు మించి పొడవైనా, 2 అంగుళాలకు మించి వెడల్పైనా ఉండాలి, ఇంటి పనికో వ్యవసాయానికో చేసినదైతే అదీ వర్తించదు. తమ పొడవు 3 అంగుళాలు. పొలం పనికి, ఇంటి పనికి పనికివస్తారన్న ఆరోపణ తమ మీద ఇంతవరకు ఎవరూ చేయలేదు.

ఇంకా మర్యాద ఎందుకు? నువ్వు చాకువు కాదు, చాకు వేషం. సంక్రాంతికి పగటివేషగాడు భీముడి గద పట్టుకొని వాకిట్లోకి వస్తే, అది అట్టముక్క అని వాడికీ తెలుసు, చూసే పిల్లలకూ తెలుసు. నీ గద అట్టదని నీకొక్కడికే తెలుసు. నన్ను నా విద్యార్థి ముందు కత్తి పట్టుకు తిరిగే మనిషిని చేశావు, మూడు గంటలు దిమ్మె మీద కూర్చోబెట్టావు, చివరకు నన్ను ఆపినవాడి చేతనే నీ మీద జాలి చూపించావు. ఆ జాలి నా మీద పడింది. నిన్ను అక్కడే జామకాయలో గుచ్చి వదిలేసి రావలసింది.

కాని వదిలేయలేదు. దారిలో, పోచమ్మ మైదాన్ దగ్గర, సైకిలు తొక్కి సాన తిప్పే ముసలాయన కనబడ్డాడు. అతను నీ అంచును బొటనవేలితో అడ్డంగా తడిమి, వెన్ను చూసి, పెదవి విరిచి, "మందం ఎక్కువుంది సారు. పని పట్టుతది" అన్నాడు. ముప్పావు గంట పట్టింది. నిప్పురవ్వలు అతని మోకాలి మీద పడుతుంటే, మధ్య మధ్య నీళ్ళలో ముంచుతూ, ముందు అంచుకు పైనున్న నీ భుజాలు పలుచన చేసి, ఆ తరువాత అంచు తీశాడు. నీ నల్లరంగు సగం పోయి లోపలి తెలుపు బయటపడింది. తోకనున్న ములికిని కూడా, నేను అడగకుండానే, నునుపుగా అరగదీశాడు. 50 రూపాయలు అడిగితే 100 ఇచ్చాను.

ఇంటికి వచ్చి, అదే రకం జామకాయ తెచ్చి, ఎవరూ చూడకుండా వంటింట్లో నిలబడి కోశాను. మొదటి ముక్క చేతిలో పడేదాకా తెగినట్టే తెలియలేదు. గింజలు కూడా సగానికి తెగి, మధ్యలో తెల్లగా కనబడుతున్నాయి. నాలుగు ముక్కలు కోసి, ఉప్పూకారం చల్లి, నిలబడే తిన్నాను.

ఇంత పదునుతో జేబులో పెట్టుకుంటే ఆ గేటు దగ్గర ఇంకెన్ని గంటలు కూర్చోవాలో తెలియదు. అందుకని తమరికి (కోపం దిగింది కనుక మళ్ళీ తమరనే అంటున్నాను) వంటింటి అలమరలో, కత్తిపీట పక్కన, స్థలం ఇప్పించాను. నా భార్య ఇప్పటికే ఒక పాల ప్యాకెట్టు మూల తమతో కోసింది, ఏమీ అనలేదు. రేపు ఉదయం 11 గంటలకు నేను మళ్ళీ బతికే ఉన్నానని చెప్పడానికి ఆ కార్యాలయానికి వెళ్తున్నాను. తమరు రానవసరం లేదు. వచ్చేటప్పుడు జామకాయలు తెస్తాను.

ఇట్లు,
17వ నంబరు అట్టముక్కను తిరిగి ఇవ్వడం మరచిపోయిన
తమ మోతగాడు