సిలబస్ లేని పరీక్షకు పిల్లల్ని ఎలా పంపుతున్నాం?

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక అమ్మాయి తన మొదటి రిపోర్టు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. చదివి, "బాగుందమ్మా, మూడో భాగం మాత్రం మళ్లీ రాయాలి" అన్నాను. ఆమె కదల్లేదు. "సార్, పదికి ఎంత వేస్తారు?" అని అడిగింది. నిజంగానే అడిగింది. చిన్నప్పటి నుంచీ చదువులో ముందున్న పిల్ల. ఏ పని చేసినా చివర్లో ఒక అంకె వచ్చేది. ఇప్పుడు ఆ అంకె లేకపోయేసరికి, "మళ్లీ రాయి" అన్న మాట ఆమెకు "నువ్వు ఫెయిల్" అన్నట్టే వినిపించింది. వారం రోజులు ముఖం వేలాడేసుకుని తిరిగింది.

తప్పు ఆమెది కాదు. మనం అలవాటు చేసిందే ఆమె అడిగింది.

బడిలో పిల్లలకు మనం ఇచ్చే హామీ చాలా స్పష్టంగా ఉంటుంది. ఇదీ సిలబస్, ఇదీ పరీక్ష తేదీ, ఎంత చదివితే అంత ఫలితం. కష్టే ఫలి. బడి ఉన్నంతకాలం ఆ మాట చాలావరకు నిజమే. బయటికొచ్చాక ప్రశ్నాపత్రం ఎవరూ చేతికివ్వరు. అసలు ప్రశ్న ఏమిటో మనమే వెతుక్కోవాలి. దిద్దేది ఎవరో తెలియదు. ఫలితం నెలకే రావచ్చు, పదేళ్లు పట్టొచ్చు, రాకపోవచ్చు కూడా. ఈ మార్పు గురించి పిల్లలకు ముందే చెప్పేవాళ్లు దాదాపు లేరు. ఇరవై ఏళ్లు వచ్చాక జీవితమే చెబుతుంది, అదీ కాస్త మొరటుగా.

పొగడ్తల్లో కూడా ఇదే చిక్కు. 1998లో క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అయిదో తరగతి పిల్లలతో చేసిన ప్రయోగాలను ప్రచురించారు. మొదటి పజిళ్లు చేశాక కొందరిని "నువ్వు తెలివైనవాడివి" అని, కొందరిని "బాగా కష్టపడ్డావు" అని మెచ్చుకున్నారు. తర్వాత కావాలనే కఠినమైన పజిళ్లు ఇచ్చారు. అందరూ తడబడ్డారు. ఆ దెబ్బ తర్వాత మళ్లీ తేలికైనవి ఇస్తే, తెలివిని మెచ్చుకున్న పిల్లలు మొదటిసారి కంటే వెనకబడ్డారు. కష్టాన్ని మెచ్చుకున్నవాళ్లు మెరుగయ్యారు. నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకో సంగతి. తమ స్కోరు గురించి వేరే బడి పిల్లలకు పేరు లేకుండా రాయమంటే, తెలివైనవాళ్లని పొగిడించుకున్న వాళ్లలో పదిమందికి దాదాపు నలుగురు ఎక్కువ చేసి రాశారు. ఎవరికీ తెలిసే అవకాశం లేదు, అయినా ఓటమిని దాచుకోవాలనిపించింది. పొగిడే మాట మారిస్తే పిల్లల తలరాత మారిపోతుందని నేను అనడం లేదు. ఓడిపోతే తన విలువే పోతుందన్న భయం ఎంత చిన్న వయసులో పడుతుందో చూడమంటున్నాను.

ఇక అదృష్టం సంగతి. పిల్లల ముందు ఈ మాట ఎత్తాలంటే పెద్దలకు టెన్షన్. ఎత్తితే చదవడం మానేస్తారేమోనని. కానీ 2006లో 'సైన్స్' పత్రికలో వచ్చిన ఒక ప్రయోగం గురించి ప్రతి పదో తరగతి విద్యార్థికీ చెప్పాలని నాకు అనిపిస్తుంది. మాథ్యూ సాల్గానిక్, పీటర్ డాడ్స్, డంకన్ వాట్స్ అనే పరిశోధకులు పెద్దగా పేరులేని బ్యాండ్ల పాటలు 48 తీసుకుని ఒక వెబ్‌సైట్లో పెట్టారు. 14 వేల మందికి పైగా పాల్గొన్నారు. కొందరికి పాటలు మాత్రమే కనిపించాయి. మిగతావాళ్లను ఎనిమిది విడి గుంపులుగా చేసి, తమ గుంపులో ఏ పాటను ఎంతమంది డౌన్‌లోడ్ చేశారో కూడా చూపించారు. అవే పాటలు, అలాంటి శ్రోతలే. అయినా అన్ని గుంపుల్లో ఒకే విజేత తేలలేదు. ఒక పాట ఒక గుంపులో మొదటి స్థానంలో నిలిస్తే, మరో గుంపులో 40వ స్థానానికి పడిపోయింది. అలాగని అంతా లాటరీ కాదు. బాగా నచ్చిన పాటలు మరీ అడుగుకు పోవడం అరుదు, బాగోలేనివి పైకి రావడమూ అరుదే. మధ్యలో మాత్రం ఏమైనా జరగొచ్చు. మనలో చాలామంది ఉండేది ఆ మధ్యలోనే.

ఈ సంగతి తెలిసిన పిల్లవాడు పని మానేస్తాడని నేను అనుకోను. తెలియని పిల్లవాడి గురించే నా దిగులు. మొదటి ఇంటర్వ్యూలో పోగానే "నాలోనే ఏదో లోపం ఉంది" అనుకుంటాడు. లేదా త్వరగా గెలిచి, పక్కన వెనకబడినవాళ్లంతా సోమరులే అని తీర్మానించుకుంటాడు. రెండోది మొదటిదానికంటే ప్రమాదకరం, ఎందుకంటే దాన్ని ఎవరూ జబ్బుగా చూడరు. పని నాణ్యత మన చేతుల్లో ఉంది. ఎన్నిసార్లు ప్రయత్నించాలన్నదీ చాలావరకు మన చేతుల్లోనే ఉంది. ఏ ప్రయత్నం ఫలిస్తుందన్నది మాత్రం మన చేతుల్లో లేదు. పదిహేనేళ్ల పిల్లలకు ఇంతమాత్రం అర్థం కాదా? మనం అనుకునే దానికంటే బాగా అర్థమవుతుంది.

శాస్త్రవేత్త కాతలిన్ కరికో కథ ఇప్పుడు అందరూ చెబుతున్నారు. కోవిడ్ టీకాలకు దారి వేసిన ఎంఆర్‌ఎన్‌ఏ మీద పట్టుదలగా పనిచేసింది, 2023లో నోబెల్ వచ్చింది. నిజమే. కానీ మధ్యలో ఉన్నది తీసేసి చెబితే అది మళ్లీ కష్టే ఫలి కథే అవుతుంది. పరిశోధనకు నిధులు దొరక్క 1995లో యూనివర్సిటీలో ఆమె హోదా తగ్గించారు. 1990ల చివర్లో ఒక ఫొటోకాపీ మిషన్ దగ్గర డ్రూ వైస్‌మన్ అనే మరో శాస్త్రవేత్తతో మాట కలిసింది. ఆ పరిచయమే జోడీగా మారింది. 2005లో వాళ్ల ముఖ్యమైన పరిశోధనా పత్రం వస్తే పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఆ పత్రానికీ నోబెల్‌కూ మధ్య 18 ఏళ్లు. ఆ ఏళ్లలో ఆమెకు ఫలితం తెలియదు, మనకే తెలుసు. ఆమెలాగే అంతే పట్టుదలతో పనిచేసి, ఫొటోకాపీ మిషన్ దగ్గర ఎవరూ తారసపడని శాస్త్రవేత్తలు ఎందరున్నారో మనకు కనిపించరు. పిల్లలకు కథ చెప్పేటప్పుడు వాళ్లనూ కలిపి చెప్పాలి.

గెలిచాక కూడా కొత్త కష్టం ఉంటుందన్నది ఇంకా తక్కువ మంది చెబుతారు. ఇష్టమైన పని బాగా చేస్తే ప్రమోషన్ వస్తుంది, ప్రమోషన్‌తో ఆ ఇష్టమైన పనే చేతిలోంచి జారిపోతుంది. నిన్నటిదాకా స్నేహితులైనవాళ్ల పనిని ఈరోజు మనమే తప్పుపట్టాలి. దీనికి సిద్ధపడనివాళ్లు గెలుపులోనే నలిగిపోవడం దగ్గర నుంచి చూశాను.

మరి పెద్దలు ఏం చేయాలి? ఉపన్యాసాలు పనిచేయవు. మన ఓటములు మనం చెప్పడం పనిచేస్తుంది. శాస్త్రవేత్తలు తమ వైఫల్యాలతో కూడా ఒక రెజ్యూమే రాసుకోవాలని 2010లో మెలనీ స్టెఫాన్ 'నేచర్' పత్రికలో సూచించారు. 2016లో, అప్పట్లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ ప్రొఫెసర్‌గా ఉన్న యోహానెస్ హౌస్‌హోఫర్ తనది బయటపెట్టారు: సీటు రాని కోర్సులు, తిరిగొచ్చిన పేపర్లు, దక్కని నిధులు. ఇంట్లో అమ్మానాన్నలకు కూడా అలాంటి జాబితా ఉంటుంది. పిల్లలు దాన్ని ఎప్పుడూ చూడరు. అమ్మానాన్నలు ఎక్కడా తడబడకుండా ఇక్కడిదాకా వచ్చేశారనుకుంటారు.

ఇంకొకటి, వాళ్ల పని వాళ్లను చేయనివ్వడం. ఈమధ్య ఉద్యోగానికి వచ్చిన ఒక అబ్బాయి వెంట తండ్రి కూడా వచ్చారు. అబ్బాయిని ఏది అడిగినా జవాబు తండ్రి దగ్గర నుంచే వస్తోంది. దరఖాస్తు ఫారం కూడా ఆయనే నింపబోయారు. ప్రేమతోనే, అందులో సందేహం లేదు. "మీరు కాసేపు బయట కూర్చుంటారా అండీ?" అన్నాను. ఆయన నొచ్చుకున్నారు, కానీ వెళ్లారు. అబ్బాయి పెన్ను తీసుకుని చాలాసేపు ఫారం వంక చూశాడు. మెల్లగా రాయడం మొదలుపెట్టాడు. రెండుచోట్ల తప్పు రాసి, కొట్టేసి, పక్కన మళ్లీ రాశాడు. అద్దం తలుపు అవతల నుంచి తండ్రి రెండుసార్లు లేచి నిలబడ్డారు. లోపలికి రాలేదు.