బొట్టు మింగిన కెమెరా

లక్షలు పోసి కొన్న కెమెరాకు రంగులు రావని చెబితే, మా అనంతపురంలో ఎవరైనా ముందు అడిగే మాట ఒకటే. "షాపోనికి చూపిచ్చినావా? మార్చిస్తాడంటనా?"

మా బామ్మర్దిని ఈ మాట అడగని చుట్టం లేడు. వాడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్. ఓపిక ఎక్కువ. ఎవరు అడిగినా మొదటినుంచీ మొదలుపెట్టేవాడు. దాదాపు ఏ డిజిటల్ కెమెరాలోనైనా లోపల వెలుగును పట్టే సెన్సార్‌కు రంగులు తెలియవట. వెలుగు ఎంత పడిందో మాత్రమే తెలుస్తుందట. అందుకని దాని మీద ప్రతి చుక్కకూ ఒక చిన్న రంగుటద్దం పరుస్తారు. నాలుగు చుక్కల్లో రెండింటికి ఆకుపచ్చ, ఒకదానికి ఎరుపు, ఒకదానికి నీలం. కొడాక్ కంపెనీలో పనిచేసిన బ్రైస్ బేయర్ అనే ఆయన కనిపెట్టిన ఏర్పాటు ఇది, 1976లో పేటెంట్ వచ్చింది. ఒక్కో చుక్కకు దొరికేది ఒక్క రంగే కాబట్టి, తక్కిన రెండు రంగులూ చుట్టుపక్కల చుక్కల్ని చూసి కెమెరా లెక్కగట్టుకుంటుంది. మావాడు కొన్నది 2012లో లైకా కంపెనీ తెచ్చిన మోనోక్రోమ్, అంటే ఒట్టి నలుపు-తెలుపు కెమెరా, 18 మెగాపిక్సెళ్లది, సెకండ్ హ్యాండ్. దాంట్లో ఆ రంగుటద్దాలే ఉండవు. అందుకని వెలుగు ఎక్కువ పడుతుంది. లెక్కలు గట్టే పని లేదు కాబట్టి ఫోటో పదునుగా వస్తుంది.

"అంటే, అద్దాలు పీకేసినందుకు ఎక్కువ దుడ్లు తీసుకున్నారా?" అన్నాడు మా మామ. ఆయన ట్రెజరీలో పనిచేస్తాడు. లేని సరుకుకు బిల్లు పాస్ చేయడం ఆయన సర్వీసులో జరగలేదు.

ఆయన షష్టిపూర్తికే ఈ కెమెరా అనంతపురం వచ్చింది. ఫోటోగ్రాఫర్‌ను మాట్లాడుకుందామని మేమంటే మావాడు ఒప్పుకోలేదు. ఇంట్లో ఇంత కెమెరా పెట్టుకుని బయటివాళ్లను పిలవడమా అన్నాడు. అంతటితో ఆగకుండా, పీటల దగ్గర అందరూ ఫోన్లు ఎత్తి పట్టుకుంటే ఫోటోలు పాడవుతాయని, ఫోన్లన్నీ సంచుల్లో పెట్టించాడు కూడా.

అసలు కథ ఆ పొద్దున పెనుకొండ దగ్గరే మొదలైంది. బెంగళూరు నుంచి కారులో వస్తూ వస్తూ వాడు కొండ వెనక ఒక మేఘం చూశాడు. మా వైపు మేఘం కనబడితే బండి ఆపి ఫోటో తీయడం న్యాయమే, మళ్లీ ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు. ఆకాశం నల్లబడి మేఘం తెల్లగా తేలాలని లెన్సుకు ఎర్ర ఫిల్టర్ బిగించాడు. ఎర్ర ఫిల్టర్ ఎరుపును లోపలికి వదిలి నీలాన్ని ఆపేస్తుంది. రంగు ఫోటో తీసి తరవాత నలుపు-తెలుపు చేసుకునేవాళ్లు ఈ పని కంప్యూటర్లో చేసుకుంటారు. ఈ కెమెరాకు ఆ సౌకర్యం లేదు, ఏం చేసినా లెన్సు ముందే చేయాలి. మేఘం బ్రహ్మాండంగా వచ్చింది. ఫిల్టర్ మాత్రం తీయలేదు.

తీయలేదని తెలిసే దారి కూడా లేదు. ఆ కెమెరాలో కన్ను పెట్టి చూసే కిటికీ వేరు, లెన్సు వేరు. లెన్సుకు మూత పెట్టి ఉన్నా కిటికీలోంచి లోకం మామూలుగానే కనిపిస్తుంది. ఎర్ర ఫిల్టర్ వల్ల వెలుగు ఎనిమిదో వంతుకు పడిపోయినా, కెమెరా తనంతట తానే ఐఎస్ఓ, అంటే తక్కువ వెలుగునైనా పెంచి చూపే మీట, పెంచుకుని సర్దుకుపోయింది. మండపంలో చీకటి కాస్త ఎక్కువనుకున్నాడు మావాడు.

రాత్రి భోజనాలయ్యాక ఫోటోలు టీవీలో పెట్టాడు. చుట్టాలందరూ మిగిలిన ఓళిగలు ప్లేట్లలో వేసుకుని కూర్చున్నారు. మొదటిది మాంగల్యధారణ. మామ చేతులు, సూత్రం ముడి, వెనక గోడ మీది పెచ్చులు, అన్నీ వెంట్రుక వాసి కూడా తప్పకుండా పడ్డాయి. మా అత్త నుదురు మాత్రం ఖాళీ. కట్టుకున్న ఎర్ర పట్టుచీర తెల్లచీర.

ఓళిగ నమలడం కూడా ఆగింది.

"రేయ్, నా బొట్టు యాడికి పోయిందిరా?" అంది అత్త.

మావాడు గబగబా తరవాతి ఫోటోకు వెళ్లాడు. అక్కడ ఆమె పక్కన చిన్నత్త, పెద్దమ్మ కూడా చేరారు. ముగ్గురికీ బొట్లు లేవు. వెనక మామిడి తోరణాలు కారునలుపు. "ఇది షష్టిపూర్తా, దినకర్మా?" అని ఎవరో గొణిగారు. పాపం మామ ధైర్యం చెబుదామని "నేను బతికే ఉండాను గదే, చూడు, పక్కనే కూర్చోనుండా" అని టీవీ దగ్గరికి పోయి వేలు పెట్టి చూపించబోయి, అక్కడ కూర్చున్న మనిషిని చూసి ఆగిపోయాడు. ఫంక్షన్ కోసం రెండు గంటలు తలకు హెన్నా పట్టించుకుని కూర్చున్న జుట్టు అది. ఎర్రబడ్డ వెంట్రుకలన్నీ ఫోటోలో పండిపోయాయి.

కుంకుమ ఎరుపు. ఎర్ర ఫిల్టర్లోంచి చూస్తే కుంకుమా, ఒంటి చాయా దాదాపు ఒకే బూడిద రంగు. కనబడదు. పసుపు కూడా తెల్లబడుతుంది. ఆకుపచ్చ నల్లబడుతుంది. ఫిజిక్సు ప్రకారం అంతా సక్రమంగానే జరిగింది. విచిత్రమేంటంటే, నల్ల స్టిక్కర్లు పెట్టుకొచ్చిన ఆడపిల్లలకు మాత్రం బొట్లు భేషుగ్గా ఉన్నాయి. "స్టిక్కర్లేందే, లక్షణంగా కుంకుమ పెట్టుకోండి" అని పొద్దున వాళ్లను కోప్పడింది మా అత్తే.

కళాకారుడు ఊరుకుంటాడా? "అమ్మా, ఒక్కసారి చర్మం చూడు, ఎంత నునుపుగా వచ్చిందో. మొటిమలు, మంగు మచ్చలు, ఏవీ లేవు" అన్నాడు.

"మచ్చలతో పాటు మొగుణ్ని కూడా తీసేస్తివి గదరా" అంది పెద్దమ్మ.

ఆ రాత్రి వాడు లాప్‌టాప్ ముందు కూర్చుని చాలా కష్టపడ్డాడు. కాంట్రాస్టు పెంచాడు, నీడలు లేపాడు. బొట్టు తప్ప అన్నీ వచ్చాయి. రంగు ఫైలు అయ్యుంటే ఎరుపు అన్న మీటను కిందికి లాగితే బొట్లన్నీ నల్లగా తేలేవి. ఇందులో లాగడానికి ఎరుపే లేదు. కంపెనీవాళ్లు అంత ఖర్చుపెట్టి తీసేసింది దాన్నే కదా.

మర్నాడు సుభాష్ రోడ్డులో ఒక పాత స్టూడియోకు పోయాం. అక్కడి పెద్దాయన ఫోటోలు తిరగేసి, ఎర్ర ఫిల్టరా అని ఒక్క మాటలో తేల్చేశాడు. ఆకుపచ్చ ఫిల్టర్ వేసుంటే బొట్టు ఇంకా నల్లగా పడేదట. మన అవ్వల కాలం ఫిల్ములకు ఎరుపు కనబడేదే కాదని, అందుకే ఆ ఫోటోల్లో బొట్లు అంత దిట్టంగా ఉంటాయని కూడా చెప్పాడు. బామ్మర్ది నోటు చేసుకున్నాడు. అత్త మాత్రం కుర్చీ లాక్కుని కంప్యూటర్ ముందున్న కుర్రాడి పక్కన కూర్చుంది.

తరవాత జరిగింది నేను జన్మలో మర్చిపోను. ఒక్కో నుదురూ పెద్దది చేసి చూపించడం, అత్త కొలత చెప్పడం.

"ఈమెది రూపాయి బిళ్లంత ఉంటాది నాయనా. పెద్దగా పెట్టు."

"ఈమెకు?"

"ఈమె మా ఆడబిడ్డ. చిన్నది చాలు."

"ఈ పక్కనున్నామెకు?"

"వాళ్లు మా పక్కింటోళ్లు, సాయబులు. పెట్టొద్దు నాయనా, బాగుండదు."

నుదురుకు ఇంత అని రేటు మాట్లాడుకున్నందుకు ఆడబిడ్డ పిల్లల్ని కొన్ని ఫోటోల్లోంచి తప్పించే ప్రయత్నం కూడా జరిగింది. నేను అడ్డుపడ్డాను. అన్నీ అయ్యాక చీర దగ్గరికొచ్చారు. పెద్దాయన వయసులో ఉన్నప్పుడు నలుపు-తెలుపు ఫోటోలకు కుంచెతో రంగులు అద్దిన మనిషి. ఇప్పుడు ఆ పని కుర్రాడు మౌసుతో చేస్తాడు. "ఎరుపు వేసేయమంటారా అమ్మా?" అన్నాడు పెద్దాయన.

అత్త కొంచెంసేపు ఆలోచించింది. "ధర్మవరంలో నాకు నచ్చింది నెమలికంఠం రంగుది. బార్డరు పెద్దది. రేటు చూసి మీ మామ వద్దన్నాడు" అంది నాతో. తరవాత కుర్రాడి వైపు తిరిగింది. "నెమలికంఠం వెయ్యి నాయనా. బార్డరు కూడా పెంచు."

ఇదంతా చూడలేక మా బామ్మర్ది బయటికి పోయి టీ అంగడి దగ్గర నిలబడ్డాడు. చుక్క రంగు కలవని స్వచ్ఛమైన నలుపు-తెలుపు కోసం ఊళ్లో ఉన్న ఈఎంఐలన్నీ నెత్తినెత్తుకున్న మనిషి వాడు.

ఆల్బమ్ వచ్చిన రోజు మామ మొదటి పేజీ దగ్గరే ఆగాడు. "ఈ చీర ఎప్పుడు కొంటివే?"

"నువ్వు కొనీలేదు. నా కొడుకు కొనిచ్చినాడు" అంది అత్త.

మామ మాట్లాడకుండా స్టూడియో బిల్లు తీసి, పెన్ను పట్టుకుని, అలవాటు ప్రకారం ఒక్కో పద్దుకూ టిక్కు పెట్టుకుంటూ వచ్చాడు. బొట్ల లెక్క రెండుసార్లు కూడాడు. చీర రంగు దగ్గర నిట్టూర్చాడు. బార్డరుకు వేరేగా ఎందుకేశారని అడిగాడు. చివర్లో 'సారు జుట్టు నలుపు' అని ఒక పద్దు కనబడింది. దానికి మాత్రం ఏమీ అడక్కుండా టిక్కు పెట్టి, డబ్బుల కోసం జేబులో చెయ్యి పెట్టాడు.